ముందల కొలిసి రా

మా అయ్య ఆయిలింజన్ మెకానిక్కు. నెల్లిమర్ల చుట్టుపక్కల, గుర్ల, చీపురుపల్లి దాకా ఎవరి బావి దగ్గర ఇంజను మొరాయించినా సైకిలుకి స్పానర్ల సంచీ తగిలించుకొని ఆయనే వెళ్ళేవాడు. బడి సెలవుల్లో వెనక క్యారియర్ మీద నేనుండేవాణ్ణి. రైతు ఎదురొచ్చి అనే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "ఇంజనీలో పస లేదు బావూ, నీళ్ళు తగ్గిపోనాయి."

అయ్య ఇంజను వైపు కన్నెత్తి చూసేవాడు కాదు. "ఎంత తగ్గిపోనాయి?" అనేవాడు. రైతు ముంజేయి చూపించి ఇంత లావొచ్చేది, మణికట్టు చూపించి ఇంతే వస్తంది అనేవాడు. "అలగ కాదు. ముందల కొలిసి రా" అని 200 లీటర్ల డ్రమ్ము తెప్పించి పైపు కింద పెట్టించి, అది నిండటానికి ఎన్ని సెకన్లు పడుతుందో నన్ను లెక్కపెట్టమనేవాడు. ఆ తరవాత బెల్టు తప్పించి ఒట్టి ఇంజను తిప్పి చెవి పెట్టి వినేవాడు. చాలాసార్లు తప్పు ఇంజనుది కాదు. ఫుట్‌వాల్వులో ఆకు ఇరుక్కునేది, సక్షన్ జాయింటు గాలి లాగేది, బెల్టు జారేది. వేసవిలో అయితే బావిలో నీరే దిగిపోయి ఉండేది. రైతు మాత్రం ఇంజను విప్పలేదని అసంతృప్తిగానే డబ్బులిచ్చేవాడు.

నేను నేవీలో చేరాను. కొచ్చిలో విమానాల పని నేర్చుకొని, విశాఖ ఐఎన్ఎస్ డేగాలో డోర్నియర్ 228ల మీద చాలా ఏళ్ళు చేశాను. కాన్పూర్లో హెచ్‌ఏఎల్ వాళ్ళు కట్టే రెండింజన్ల విమానం అది. అక్కడ అంతా పుస్తకం. లోపం ఇదీ అంటే ఫలానా పేజీ, ఫలానా వరస అని ఉంటుంది. సొంత తెలివి చూపిస్తే తిట్లు పడతాయి, పడాలి కూడా. రిటైరయ్యాక కూతురు దగ్గరికని టెక్సస్ వెళ్ళి, ఊరికే కూర్చోలేక అక్కడి ఎఫ్‌ఏఏ పరీక్షలు మూడూ, జనరల్, ఎయిర్‌ఫ్రేమ్, పవర్‌ప్లాంట్ రాసి లైసెన్సు తెచ్చుకున్నాను. డాలస్‌కి ఉత్తరాన ఓ చిన్న ఎయిర్‌పోర్టులో, రేకుల హ్యాంగర్లో పని. నా దగ్గరికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం మనుషులు తమ ఇళ్ళలో కట్టుకున్న విమానాలే.

విజయనగరం వచ్చినప్పుడు ఈ మాట చెబితే జనం నవ్వుతారు. విమానం ఏమిటి, ఇంట్లో కట్టుకోవడమేమిటి అని. అమెరికాలో అది చట్టబద్ధమైన వ్యవహారం. పనిలో సగానికి మించి సొంతంగా, చదువుకోసమో సరదాకోసమో చేశానని చూపిస్తే ప్రయోగాత్మక తరగతి కింద అనుమతిస్తారు. తలుపు దగ్గర రెండంగుళాల అక్షరాలతో ఎక్స్‌పెరిమెంటల్ అని రాసుకోవాలి. 1953లో పాల్ పోబరెజ్నీ అనే ఆయన ఇలాంటి వాళ్ళందరినీ కూడగట్టి ఈఏఏ అనే సంఘం పెట్టాడు. ఏటా జులై చివర్లో ఆష్‌కాష్‌లో వాళ్ళ తిరనాళ్ళు. ఒరెగాన్‌లోని వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే కంపెనీ అమ్మే ఆర్‌వీ కిట్లతో కట్టినవే పదకొండు వేలకు పైగా ఎగిరాయి. మన దేశంలోనూ పట్టుదలగల వాళ్ళున్నారు. ముంబయి పైలట్ అమోల్ యాదవ్ తమ మేడ మీదే విమానం కట్టాడు. దానికి రిజిస్ట్రేషన్ 2017లో వచ్చింది, ఎగరడానికి అనుమతి 2019లో. ఆయన విమానం కట్టిన ఓపిక ఒక ఎత్తు, కాగితాల కోసం తిరిగిన ఓపిక ఇంకో ఎత్తు.

సొంతంగా కట్టిన విమానానికి తొలి 25 గంటలో 40 గంటలో పరీక్ష కాలం. ఆ కాలంలో దాని గుణం మొత్తం యజమానే తెలుసుకొని రాసుకోవాలి. కిట్ కంపెనీ ఇచ్చే అంకెలు కిట్ కంపెనీ విమానానివి. మనది ఎంత పోతుందో మనదే చెప్పాలి. ఇక్కడ పేజీ నంబరుండదు. డేగాలో నేర్చుకున్న క్రమశిక్షణ నాకు పనికొచ్చింది గాని, దారి చూపించింది మాత్రం మా అయ్య డ్రమ్మే.

ఇప్పుడు చెప్పబోయే అబ్బాయిది టెక్కలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడేళ్ళపాటు గరాజులో రివెట్లు కొట్టి ఆర్‌వీ-7ఏ కట్టాడు. ముక్కు కింద ఒక చక్రం, వెనక రెండు. లైకమింగ్ ఓ-360 ఇంజను, 180 గుర్రాల శక్తి, పిచ్ మారని ప్రొపెల్లర్. పనితనం చక్కగా ఉంది, రివెట్ల వరస చూస్తే దండ గుచ్చినట్టుంది. నేను మనవైపు వాణ్ణని తెలిసిన దగ్గర్నించీ నాతో ఇంటి మాటలోనే మాట్లాడతాడు.

"బాబాయ్, ఇంజనీ పవరు తీయట్లేదు. ఎనిమిది వేల అడుగుల మీద ఫుల్లు థ్రాటిల్ పెట్టినా 174 మైళ్ళు దాటదు. పక్క హ్యాంగరాయనది అదే ఇంజనీ, అదే ప్రొపెల్లరు, 197 ఎలిపోతంది."

"ఆర్‌పీఎమ్ ఎంతొస్తంది?"

"2700 పూర్తిగా వచ్చీస్తంది. అందుకే పిచ్ తక్కువైపోనాదని నా అనుమానం. ఎక్కువ పిచ్‌ది ఆర్డరు పెట్టీమంటావేటి?"

అతని తర్కంలో తప్పు లేదు. ప్రొపెల్లర్ గాల్లో బిగించే మరలాంటిది. ఒక చుట్టుకి ఎంత ముందుకెళ్ళాలి అన్నదే పిచ్. చుట్లు పూర్తిగా తిరుగుతూ దూరం రావట్లేదంటే మర వత్తుగా ఉన్నట్టే. మీటరు నిజం చెబుతూ ఉంటేనే సుమా. కొత్త ప్రొపెల్లర్ అంటే వేల డాలర్లు. "ఆర్డరు ఎక్కడికీ పోదు గాని, ముందల కొలుద్దాం పద" అన్నాను.

పోలిక దగ్గరే చాలామంది కాలు జారతారు. జనవరి పొద్దున్న ఎగిరిన విమానాన్ని ఆగస్టు మధ్యాహ్నం ఎగిరినదానితో పోలుస్తారు. మా ఎయిర్‌పోర్టు సముద్ర మట్టానికి ఆరేడువందల అడుగుల ఎత్తు. 38 డిగ్రీల ఎండలో అక్కడి గాలి మూడున్నర వేల అడుగుల ఎత్తు గాలంత పల్చబడుతుంది. ఇంజనుకి గాలి తక్కువ, రెక్కకి గాలి తక్కువ. అందుకని రెండు విమానాల్నీ ఒకే పొద్దున్న, ఒకే ఎత్తున, ఒకటి వెనక ఒకటి ఎగరమన్నాను. నేను ఇతని పక్కన నోటు పుస్తకంతో కూర్చున్నాను. నాకు విమానం నడపడం రాదు. చూసి రాయడం వచ్చు.

పద్ధతి సులువు. థ్రాటిల్ కదపకుండా, ఎత్తు మారకుండా నాలుగు దిక్కులకూ కాసేపు కాసేపు ఎగిరి జీపీఎస్ చూపించే నేల వేగం రాసుకోవాలి. ఆ రోజు దక్షిణపు గాలి, మన పైరగాలి లాంటిదే, కాస్త జోరుగా ఉంది. దక్షిణానికి 163, ఉత్తరానికి 201, తూర్పుకి 178, పడమరకి 186. నాలుగూ కలిపి నాలుగుతో భాగిస్తే గాలి దెబ్బ చాలావరకూ కొట్టుకుపోయి 182 వచ్చింది. ప్యానెల్లో లెక్క మాత్రం 174 దగ్గరే ఉంది. అంటే 23 మైళ్ళ లోటులో 8 మైళ్ళు విమానానివి కావు, మీటరువి. నేల మీద ఒక్క స్క్రూ విప్పకుండా మూడోవంతు రోగం నయమైంది. అతను నవ్వలేదు. "మిగతా 15 మాటేటి?" అన్నాడు.

మీటరు ఒకచోట అబద్ధమాడితే రెండోచోటా అనుమానించాలి. ఆర్‌పీఎమ్ చూపించే టాకోమీటరు కేబులుతో తిరిగే పాత రకం. నా దగ్గర ప్రొపెల్లర్ వైపు పెడితే చుట్లు లెక్కపెట్టే చిన్న ఆప్టికల్ టాకోమీటరుంది. దాన్ని నమ్మొచ్చో లేదో చూడ్డానికి ఓ కిటుకుంది. రెండు రెక్కల సెట్టింగ్ పెట్టి పాతరకం ట్యూబులైటు వైపు చూపిస్తే, అమెరికాలో కరెంటు 60 సైకిళ్ళు కాబట్టి 3600 చూపించాలి. మన దగ్గర 50 సైకిళ్ళు, 3000 చూపిస్తుంది. ఆ పరీక్ష పాసయ్యాక దాన్ని పైకి తీసుకెళ్ళాం. ప్యానెల్ 2700 అన్నప్పుడు నిజంగా తిరుగుతున్నవి 2590.

ఇక్కడ కథ తిరగబడింది. చుట్లు పూర్తిగా తిరుగుతున్నాయన్న నమ్మకం మీదే అతను ఎక్కువ పిచ్ ప్రొపెల్లర్ కొనబోయాడు. ఉన్నవే తక్కువ చుట్లు. పిచ్ పెంచితే ఇంజను మరింత కుంగి ఇంకా తక్కువ తిరిగేది, విమానం ఇంకా మందగించేది. అంత డబ్బూ పోసి వెనక్కి నడవడమన్నమాట.

తక్కువ చుట్లకి రెండు కారణాలుండొచ్చు. ఇంజను నీరసపడి ఉండాలి, లేదా ఇంజను బాగానే ఉండి విమానం గాలికి బరువవ్వాలి. విమానం మెల్లగా పోతే పిచ్ మారని ప్రొపెల్లర్ కూడా మెల్లగానే తిరుగుతుంది, కాబట్టి పైన ఉన్నంతసేపూ ఈ రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. బెల్టు తప్పించి ఒట్టి ఇంజను తిప్పాలి. విమానానికి బెల్టు ఉండదు గాని, నేల మీద బ్రేకులు పట్టి, చక్రాలకి అడ్డం పెట్టి, తోక కట్టేసి పూర్తి థ్రాటిల్ ఇస్తే అదే పని జరుగుతుంది. కదలని విమానానికి గాలి అడ్డేముంది? పక్క విమానం 2230 తిరిగింది. ఇతనిది 2210. ఇరవై చుట్ల తేడా తేడా కాదు. ఇంజను మంచిదే.

ఆ మాట నమ్మడానికి నేనింత తంటా పడటం వెనక ఒక సిగ్గుపడే కథ ఉంది. కొన్నేళ్ళ కిందట చెక్కతో కట్టిన ఓ విమానం వచ్చింది. నెల నెలా ఎక్కడం మందగిస్తోందని యజమాని గోడు. సిలిండర్లలో 80 పౌన్ల గాలి పెట్టి చూస్తే అన్నీ 77, 78 నిలబెట్టాయి. ఇంజను బ్రహ్మాండం అని సర్టిఫికెట్టిచ్చేశాను. తరవాత మాగ్నెటోల టైమింగ్ 25 డిగ్రీలకి సరిచేశాను, ప్లగ్గులు మార్చాను, కార్బురేటర్ విప్పాను, వేడిగాలి తలుపు సరిగా మూసుకుంటోందా అని చూశాను. రెండు నెలలు పోయాయి. చివరికి ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే ఉక్కు రజను. వాల్వు కవర్లు తీసి డయల్ గేజితో కొలిస్తే ఒక వాల్వు సగమే లేస్తోంది. కామ్‌షాఫ్ట్ అరిగిపోయింది. గాలి నిలబడుతుందా లేదా అనేదే ఆ 80 పౌన్ల పరీక్ష చెబుతుంది, గాలి లోపలికి సరిగా వస్తోందా అనేది చెప్పదు. లైకమింగుల్లో కామ్ పైన ఉంటుంది. విమానం నెలల తరబడి ఎగరకుండా కూర్చుంటే నూనె కిందికి జారిపోయి కామ్‌కి తుప్పు పడుతుంది. ఆ మనిషి ఏడాదికి నాలుగైదు సార్లే ఎగిరేవాడు. వర్షాకాలమంతా వాడని ఆయిలింజన్ని దసరాకి తిప్పబోతే ఏమవుతుందో నాకు పదేళ్ళ వయసులోనే తెలుసు. తెలిసీ ఒక నేలపరీక్ష చేసి చూడలేదు. ఆయన దగ్గర కూలి సగమే తీసుకున్నాను. మిగతా సగం తీసుకోవడానికి చెయ్యి రాలేదు.

సరే, టెక్కలి అబ్బాయి దగ్గరికి వద్దాం. ఇంజను బాగుందంటే ఆ 15 మైళ్ళనీ గాలే తినేస్తోంది. 15 మైళ్ళే కదా అనిపిస్తుంది. వేగానికి కావలసిన శక్తి ఘనంతో పెరుగుతుంది. రెట్టింపు వేగానికి ఎనిమిది రెట్ల శక్తి కావాలి. 182 నుంచి 197కి ఇంజను బలంతోనే పోవాలంటే నాలుగో వంతుకి పైగా ఎక్కువ శక్తి కావాలి. అంత లోటు యాంటెన్నా వల్లో, మెట్టు వల్లో రాదు. పెద్దదేదో కళ్ళెదుటే ఉండాలి.

ఉంది. విమానం చుట్టూ తిరుగుతుంటే తోక దగ్గర రడ్డర్ ఎడమ చెంప మీద జానెడు చెక్క ముక్క, మేకులాగా ఒకవైపు సన్నగా, నున్నగా రంగు వేసి అతికించి కనిపించింది.

"ఇదేటి?"

"అదా... గోళీ ఎప్పుడూ కుడికి పోతంది బాబాయ్. కుడికాలు తొక్కీ తొక్కీ నొప్పెడుతుంటే వెడ్జ్ పెట్టీసేను. ఇప్పుడు మజ్జిలోనే ఉంటది."

గోళీ అంటే ప్యానెల్లో వంపు గాజు గొట్టంలో ఉండే నల్ల గోళీ. విమానం తిన్నగా పోతోందా, పక్కకి ఈడుస్తోందా అన్నది అది చెబుతుంది. ఈ అబ్బాయి గోళీ చెప్పిన మాట విని, దాని నోరు మూయించాడు. విమానాన్ని ఎడమకి తిప్పేది ఏదో ఉంది. దాన్ని అలాగే ఉంచి కుడికి తిప్పే చెక్క పెట్టాడు. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటుంటే ఆ కొట్లాట ఖర్చంతా ఇంజను భరిస్తోంది.

చక్రాల తొడుగులూ, కాళ్ళ ఫెయిరింగులూ మొత్తం ఊడదీసి, చెక్క కూడా పీకేసి ఎగిరి రమ్మన్నాను. "తొడుగులు తీసీస్తే స్పీడు ఇంకా పడిపోదా?" అన్నాడు. పడిపోవాలి, పడిపోయింది కూడా. అయితే చెక్క లేకుండానే గోళీ మధ్యకొచ్చి కూర్చుంది. రెక్కలు, తోక, ఇంజను అన్నీ నిర్దోషులని ఆ ఒక్క గంటలో తేలిపోయింది. కాళ్ళ తొడుగులే వంకరగా ఉండి రెండు చిన్న చుక్కానుల్లా పనిచేస్తున్నాయి.

బిగించేటప్పుడు అతను దారం లాగి, కొలతలు తీసి, జాగ్రత్తగానే బిగించాడు. విమానం చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడు బిగించాడు, అదే పొరపాటు. నేల మీద విమానం బరువుకి ఆ స్ప్రింగు కాళ్ళు విచ్చుకొని కాస్త మెలి తిరుగుతాయి. గాల్లోకి లేవగానే బరువు పోయి కాళ్ళు తమ చోటికి తాము వస్తాయి. వాటితోపాటు తొడుగులూ తిరుగుతాయి. విమానాన్ని జాకీల మీద చక్రాలు వేలాడేలా లేపి, తాపీ మేస్త్రీలు గోడ నిలువు చూసే గుండు దారం పట్టి చూస్తే ఎడమది నాలుగు డిగ్రీలు, కుడిది రెండు డిగ్రీలు, రెండూ ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి. సరిచేసి ఎగిరితే 189 వచ్చింది. చెక్క మళ్ళీ పెట్టాల్సిన పని రాలేదు.

తరవాతవి చిల్లర పనులు. ఫ్లాపులు పూర్తిగా పైకి లేవట్లేదు, వెనక అంచు అర అంగుళం కిందికి వేలాడుతోంది. ఐలరాన్లని ఆ వేలాడే ఫ్లాపులకి సమానంగా పెట్టుకున్నాడు కాబట్టి అవీ కిందికే ఉన్నాయి. రాడ్లు సరిచేస్తే మూడు మైళ్ళు. ఇంజను చుట్టూ గాలి రేకుల్లో సందులున్నాయేమోనని చీకటి పడ్డాక కింద దీపం పెట్టి పైనుంచి చూస్తే కార్తీక మాసం తోరణంలా వెలుగు చుక్కలు. ఎర్ర సిలికాన్‌తో మూసేశాం. ఒక మైలు వచ్చింది, సిలిండర్లు కూడా చల్లబడ్డాయి.

మిగిలింది ఆ అబద్ధపు వేగం మీటరు. మీటరే చెడిందా, దానికి అందే గాలి చెడిందా? ఇళ్ళ పునాదికి మట్టం చూసే నీళ్ళ పైపు తెచ్చి, యూ ఆకారంలో వంచి, ఒక చివర పిటో ట్యూబుకి కలిపాను. గంటకు 100 మైళ్ళ గాలి పోటు పన్నెండున్నర సెంటీమీటర్ల నీళ్ళ ఎత్తుతో సమానం. 150కి 28 సెంటీమీటర్లు. ఊది చూస్తే మీటరు రెండుచోట్లా సరిగ్గానే చూపించింది. గొట్టాల్లో లీకు కూడా లేదు. కాబట్టి తప్పు బయటి గాలి ఒత్తిడిని తీసుకునే స్టాటిక్ పోర్టుది. కిట్ డ్రాయింగులో అక్కడ గుండు తల ఉన్న మామూలు పాప్ రివెట్టు వేసి, మధ్యలో కన్నం ఉంచమని ఉంది. ఈ అబ్బాయికి అది నాటుగా అనిపించి, రేకుతో సమానంగా కూర్చునే అందమైన పోర్టు కొని పెట్టాడు. ఆ గుండు తల చేసే పని ఉంది. దాని మీదుగా గాలి కాస్త వేగం పుంజుకొని ఒత్తిడి కాస్త తగ్గుతుంది. ఆ తగ్గింపు కలిస్తేనే అక్కడ లెక్క సరిపోతుంది. అందం కోసం తల తీసేస్తే మీటరు తక్కువ చూపించింది. కొన్ని సెంట్ల రివెట్టు మళ్ళీ పెట్టాం. టాకోమీటరు పక్కన, అది ఎంత ఎక్కువ చూపిస్తుందో రాసి చీటీ అంటించాం. కొత్తది తరవాత కొన్నాడు.

ఇంకా నాలుగు మైళ్ళు తక్కువుందని అతని బెంగ. బరువు తూచుదామన్నాడు, రంగు పాలిష్ చేద్దామన్నాడు. పక్క విమానంలో సీటు కవర్లు కూడా లేవు, ఇతనిదాంట్లో తోలు సీట్లూ తివాచీలూను. ఆ నాలుగు మైళ్ళూ నీ భార్య అడిగిన తివాచీకి పోనాయనుకో అన్నాను. చెక్క ముక్క మాత్రం పారెయ్యనివ్వలేదు. నా పనిబల్ల మీద, అయ్య పాత రింగ్ స్పానర్ పక్కన పెట్టుకున్నాను.

పక్క హ్యాంగర్ విమానం 197 పోతోంది. ఇతనిది 193. మీటరు కూడా 193 అనే చూపిస్తోంది.